కరెంటు నీరేనా? విద్యుత్తు పాఠంలో నీటి నమూనా – ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• పోలికకూ నమూనాకూ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.
• విద్యుత్తును అర్థం చేసుకోవడంలో నీటి నమూనా ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో వివరించగలుగుతారు.
• సైన్సు పాఠంలోని ఏ సరళ నమూనానైనా విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. విషయ పరిచయం

"కరెంటు పోయింది." "కరెంటు తక్కువగా వస్తోంది." "ఈ నెల కరెంటు బాగా కాలింది." "కరెంటు కొట్టింది." ఈ నాలుగు మాటలూ జంగారెడ్డిగూడెంలోనే కాదు, తెలుగునాట ఏ ఊళ్లోనైనా వినిపిస్తాయి. నాలుగింటిలోనూ ఉన్నది ఒకే పదం. భౌతికశాస్త్రం దృష్టితో చూస్తే మాత్రం నాలుగూ వేర్వేరు సంగతులు. పోయింది సరఫరా. తక్కువగా వస్తున్నది వోల్టేజి. కాలింది శక్తి, మీటరు లెక్కపెట్టేది కిలోవాట్ గంటలను. నాలుగో మాటలో మాత్రమే అసలైన కరెంటు ఉంది. ఒంటిగుండా పోయినది ఆంపియర్లలో కొలిచే విద్యుత్ ప్రవాహమే.

రోజువారీ మాటల్లో ఈ కలగాపులగం వల్ల పెద్ద ఇబ్బంది లేదు. లైన్‌మన్‌తో మాట్లాడేటప్పుడు ఎవరి మాట ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కంతా ఈ ఒక్క పదంతో పాఠంలోకి వచ్చిన విద్యార్థికి. అతనికి వోల్టేజి, కరెంటు, శక్తి అనే మూడింటినీ విడదీసి చూపించాలి. కంటికి కనిపించని వాటిని విడదీయడానికి మన పాఠాలు ఎక్కువగా ఆశ్రయించేది నీటిని: ఎత్తున ఒక ట్యాంకు, కిందికి ఒక పైపు, చివర ఒక కుళాయి.

ఈ నీటి నమూనా గురించి రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. పోలికలు చిన్నపిల్లలకు సరిపోతాయి, డిగ్రీ విద్యార్థికి సమీకరణాలు చాలు అన్నది ఒకటి. పోలిక అర్థమైతే విషయం అర్థమైనట్లే అన్నది రెండోది. రెండూ సరికావని ఈ వ్యాసం వాదన. సరళ నమూనా లేకుండా విద్యుత్తు అర్థం కాదు. దాని హద్దు చెప్పకపోతే తప్పుగా అర్థమవుతుంది. ఆ తప్పు పరీక్షలో పోయే మార్కుతో ఆగదు; మోటారు కాలిపోవడం దాకా, ఒక్కోసారి ప్రాణం పోవడం దాకా వెళుతుంది.

2. పోలిక వేరు, నమూనా వేరు

తెలుగు పాఠాల్లో మీరు ఉపమాలంకారం చదివి ఉంటారు. దానికి నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. ఏ ఒక్కటి లోపించినా లుప్తోపమ. కవిత్వంలో లుప్తోపమ దోషం కాదు. వదిలేసిన సమానధర్మాన్ని పాఠకుడు తానే పట్టుకోవడంలో ఆనందం ఉంది.

సైన్సు పాఠంలో అదే దోషమవుతుంది. 'కరెంటు నీరులాంటిది' అని చెప్పి ఊరుకుంటే సమానధర్మం లోపించినట్లే. దేనిలో లాంటిది? పాఠం చెప్పకపోతే విద్యార్థి నీటి గుణాలన్నిటినీ కరెంటుకు అంటగడతాడు. నీరు కారిపోతుంది, కరెంటూ కారిపోతుంది. నీరు వాడితే అయిపోతుంది, కరెంటూ అయిపోతుంది.

సమానధర్మాన్ని కచ్చితంగా చెప్పి, ఆ సంబంధాల ఆధారంగా కొత్త ప్రశ్నకు జవాబు ఊహించే వీలు కల్పించినప్పుడు పోలిక నమూనా అవుతుంది. నమూనాకు అయిదో అంగం కూడా కావాలి. దానిని భేదధర్మం అందాం. ఉపమానం ఏ విషయంలో ఉపమేయంలాగా ఉండదో చెప్పడమే అది.

ఉపమకు పై మెట్టు రూపకం. అక్కడ ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేదని చెబుతాం. 'విద్యుత్ ప్రవాహం' అన్న శాస్త్రపదం నిజానికి ఒక రూపకమే. దాని వెనుక 18వ శతాబ్దపు ఊహ ఉంది. 1747 ప్రాంతంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తును ఒకే ఒక ద్రవంగా భావించాడు. ఆ ద్రవం ఎక్కువైన వస్తువుకు ధన చిహ్నం, తక్కువైన వస్తువుకు రుణ చిహ్నం పెట్టాడు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించిన తరవాత, లోహపు తీగలో కదిలేవి రుణావేశం గల కణాలనీ, అవి మనం గీసే బాణం గుర్తుకు ఎదురుగా కదులుతాయనీ స్పష్టమైంది. ద్రవం ఊహ పోయింది, మాట మిగిలింది. అయినా ఫ్రాంక్లిన్ గుర్తులతో చేసిన వలయాల లెక్కలు ఈనాటికీ సరిగ్గానే వస్తున్నాయి. దీనినిబట్టి ఒక విషయం గ్రహించాలి: నమూనాలోని బొమ్మ తప్పయినా, అది పట్టుకున్న సంబంధాలు నిలవవచ్చు.

3. నీటి నమూనా ఏమి నేర్పుతుంది?

జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతం. ఇక్కడి ఆయిల్‌పామ్ తోటల్లో బోరు, డ్రిప్పు అందరికీ తెలిసినవే. పాఠంలోని ఓవర్‌హెడ్ ట్యాంకును వదిలి, ఈ డ్రిప్పు గొట్టాలనే నమూనాగా తీసుకుందాం.

• మోటారు కలిగించే పీడన భేదం – బ్యాటరీ కలిగించే వోల్టేజి
• నిమిషానికి గొట్టంలో పోయే నీరు – కరెంటు
• సన్నని, పొడవాటి గొట్టం నీటిని అడ్డగించడం – నిరోధం

ఈ మూడు జతలతోనే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. గొట్టం పొడవు పెరిగితే నీరు తగ్గుతుంది. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది. పక్కపక్కన రెండు గొట్టాలు వేస్తే మొత్తం నీరు పెరుగుతుంది. రెండు నిరోధాలను సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం తగ్గుతుంది. వాల్వు కట్టేసినప్పుడు నీరు కదలదు గాని గొట్టంలో పీడనం ఉంటుంది. స్విచ్ ఆపినప్పుడు కరెంటు ఉండదు గాని స్విచ్ దాకా వోల్టేజి ఉంటుంది. వోల్టేజి, కరెంటు ఒకటి కాదని ఇంతకంటే తేలికగా చెప్పడం కష్టం.

శాస్త్రజ్ఞులు కూడా ఇలాగే ముందుకు నడిచారు. 1822లో ఫూరియే ఉష్ణ ప్రసారం మీద గ్రంథం ప్రచురించాడు. ఉష్ణోగ్రతల తేడావల్ల కడ్డీలో వేడి ప్రవహించినట్లే తీగలో విద్యుత్తు ప్రవహిస్తుందన్న పోలికతో జార్జ్ సైమన్ ఓమ్ తన సిద్ధాంతాన్ని రూపొందించి 1827లో ప్రకటించాడు. మనం ఓమ్ నియమం అంటున్నది అందులోదే. తరవాత మాక్స్‌వెల్, ఫారడే బలరేఖల మీద 1850లలో రాసిన వ్యాసంలో, కుంచించుకుపోని ఒక ద్రవాన్ని ఊహించుకుని లెక్క నడిపాడు. అలాంటి ద్రవం నిజంగా ఉందని తాను అనడం లేదని, అది ఊహించిన గుణాల సముదాయం మాత్రమేనని అక్కడే స్పష్టం చేశాడు. అయిదో అంగాన్ని మరచిపోని నమూనాకు అది మంచి ఉదాహరణ.

4. నమూనా ఎక్కడ ఆగిపోతుంది?

4.1 ఏ నీరు? కాలువ నీరా, నిండు గొట్టమా?

'నీరు' అనగానే అందరికీ ఒకే నీరు గుర్తుకు రాదు. తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు విద్యార్థికి గుర్తొచ్చేది గోదావరి కాలువ. కాలువకు నీరు వదిలితే శివారు పొలాలకు చేరడానికి రోజులు పడుతుంది. దారిలో పైవాళ్లు వాడుకుంటే శివారుకు తక్కువ అందుతుంది. ఈ అనుభవంతో వచ్చిన విద్యార్థి రెండు పొరపాట్లు చేస్తాడు.

మొదటిది వేగం గురించి. స్విచ్ వేయగానే బల్బు వెలుగుతుంది కాబట్టి ఎలక్ట్రాన్లు మెరుపు వేగంతో పరుగెడుతున్నాయని అనుకుంటాడు. లెక్క చూడండి. 1 చదరపు మి.మీ. మందం గల రాగి తీగలో 1 ఆంపియర్ ఏకముఖ విద్యుత్తు పోతున్నప్పుడు ఎలక్ట్రాన్ల సగటు ముందడుగు సెకనుకు 0.07 మి.మీ. మాత్రమే. అంటే గంటకు సుమారు 26 సెం.మీ.; వంద మీటర్లు నడవడానికి 15 రోజులు దాటుతుంది. బల్బు వెంటనే వెలగడానికి కారణం, తీగ అప్పటికే ఎలక్ట్రాన్లతో నిండి ఉండడం. నిండు గొట్టానికి ఈ చివర వాల్వు తిప్పితే ఆ చివర నీరు వెంటనే కదులుతుంది. ఖాళీ కాలువ ఇక్కడ చెడ్డ నమూనా, నిండు గొట్టం మంచి నమూనా. 'నీరు' అన్న ఒక్క మాట ఈ రెండింటి తేడాను దాచేస్తుంది.

రెండో పొరపాటు లోతైనది. రెండు బల్బులను శ్రేణిలో కలిపితే మొదటి బల్బు కొంత కరెంటు 'వాడేసుకుని' మిగిలింది రెండోదానికి పంపుతుందని విద్యార్థి నమ్ముతాడు. నిజానికి శ్రేణి వలయంలో ఎక్కడ కొలిచినా కరెంటు ఒకటే. ఖర్చయ్యేది శక్తి, కరెంటు కాదు. 'కరెంటు కాలింది' అన్న వాడుక ఈ నమ్మకాన్ని బలపరుస్తుంది. పైగా ఊరి చివర ఇంట్లో బల్బు మసకగా వెలగడాన్ని అతను కళ్లారా చూశాడు. 'ముందువాళ్లు వాడేసుకుంటే చివరివాళ్లకు తక్కువ వస్తోంది' అంటాడు. చూసింది నిజమే, చెప్పిన కారణమే తప్పు. లైను తీగకు కూడా నిరోధం ఉంది. దానిలో ఎక్కువ కరెంటు పోయినకొద్దీ తీగ వెంట వోల్టేజి పడిపోతుంది. చివరి ఇంటికి తగ్గినది వోల్టేజి. ఈ తేడా చెప్పకుండా 'నీ అనుభవం తప్పు' అంటే విద్యార్థి పాఠాన్ని నమ్మడు, పరీక్ష కోసం బట్టీ పడతాడు.

4.2 తెరిచిన కుళాయి, తెరిచిన వలయం

కుళాయి తెరిస్తే నీరు వస్తుంది. వలయం తెరిస్తే కరెంటు ఆగుతుంది. పాఠ్యపుస్తకం 'తెరిచిన వలయం', 'మూసిన వలయం' అని చెప్పే పేజీకి ముందు పేజీలోనే కుళాయి బొమ్మ ఉంటే, రెండు బొమ్మలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. గొట్టం తెగితే నీరు బయటికి కారుతుంది, మనకు కనిపిస్తుంది. తీగ తెగితే ఏమీ కారదు, ఏమీ కనిపించదు.

ఇక్కడ పణంగా ఉన్నది ప్రాణం. గాలివానకు తెగి పొలంలో పడిన తీగ చప్పుడు లేకుండా, వెలుగు లేకుండా ఉండవచ్చు. 'ఏమీ రావడం లేదు కాబట్టి ఏమీ లేదు' అన్నది నీటి తర్కం. పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలుపుతారు. అందువల్ల తడినేల మీద నిలబడి ఆ తీగను ముట్టుకున్న మనిషి శరీరమే వలయాన్ని పూర్తిచేస్తుంది. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో ఏరేటర్లు నడిపేవారు నీళ్లలోనే పనిచేస్తారు. వారికి 'తిరుగు దారి' అన్న భావన సిద్ధాంతం కాదు, రక్షణ. ట్యాంకు నుంచి కుళాయిదాకా మాత్రమే గీసిన బొమ్మలో ఆ తిరుగు దారి లేదు.

4.3 తక్కువ వోల్టేజికి మోటారు ఎందుకు కాలుతుంది?

నీటి నమూనా ప్రకారం పీడనం తగ్గితే ప్రవాహం తగ్గాలి. ప్రవాహం తగ్గితే తీగ తక్కువ వేడెక్కాలి. పాత ఫిలమెంటు బల్బు విషయంలో అలాగే జరుగుతుంది. బోరు మోటారు విషయంలో జరిగేది దీనికి వ్యతిరేకం: వోల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగు కాలిపోతుంది.

కారణం, మోటారు గొట్టంలాగా ఊరికే అడ్డుపడే వస్తువు కాదు. దాని మీద పని భారం ఉంది. నీటిని పైకి తేవడానికి దాదాపు అదే సామర్థ్యం కావాలి. సామర్థ్యం వోల్టేజి, కరెంటుల లబ్ధాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఒకటి తగ్గితే రెండోది పెరగాలి. 415 వోల్టుల మూడు ఫేజుల సరఫరా 340కి పడిపోయిందనుకుందాం. కరెంటు సుమారు 1.22 రెట్లు అవుతుంది. వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి అది దాదాపు 1.5 రెట్లు అవుతుంది. ఈ లెక్కలో మోటారు వేగం కొద్దిగా తగ్గడాన్ని, దక్షతలో మార్పును వదిలేశాం. అంటే ఇది కూడా సరళ నమూనాయే. ఏమి వదిలేశామో చెప్పాం కాబట్టి ఇది ఎవరినీ మోసం చేయదు.

4.4 డిగ్రీ విద్యార్థి గమనించవలసిన తేడా

తీగ వ్యాసం రెట్టింపయితే నిరోధం నాలుగో వంతు అవుతుంది. గొట్టంలో నెమ్మదిగా, పొరలు పొరలుగా నీరు పోతున్నప్పుడు వ్యాసం రెట్టింపయితే అడ్డంకి పదహారో వంతు అవుతుంది. 'లావైతే సులువు' అన్న దిశలో నమూనా సరైనదే. 'ఎంత సులువు' అని అడిగితే సరైనది కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
గమనిక: మీ జవాబులను పాఠం చివర ఇచ్చిన వాటితో పోల్చుకోండి.
(1) శ్రేణిలో ఉన్న రెండు బల్బులలో మొదటిది కరెంటును 'వాడుకుంటుందా'?
(2) స్విచ్ వేయగానే బల్బు ఎందుకు వెలుగుతుంది?

5. ఒక నమూనా చాలదు

ఒక నమూనా ఆగిన చోట మరొకటి అందుకోవాలి. జంగారెడ్డిగూడెం దగ్గర గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడికి మంగళవారం నాడు వచ్చే జనాన్ని ఊహించుకోండి. ఒక ఇరుకు గేటు ఉన్నప్పటికంటే పక్కన మరో ఇరుకు గేటు తెరిస్తే నిమిషానికి లోపలికి పోయేవారు పెరుగుతారు. రెండో నిరోధాన్ని సమాంతరంగా చేర్చితే కరెంటు పెరగడం ఇలాంటిదే. 'నిరోధాలు పెరిగితే అడ్డు పెరగాలి కదా' అన్న సందేహం ఈ బొమ్మతో తీరుతుంది. అదే జనం బొమ్మలో బ్యాటరీకి సరైన జోడీ లేదు.

అమెరికాలో డెడ్రి గెంట్నర్, డొనాల్డ్ గెంట్నర్ 1983లో ప్రచురించిన పరిశోధన ఈ విషయం మీదే. విద్యుత్తును పారే నీరుగా ఊహించుకున్నవారు బ్యాటరీల అమరిక మీది ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారు. కదిలే జనంగా ఊహించుకున్నవారు నిరోధాల అమరిక మీది ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారు. అంటే మనసులోని నమూనా పాఠానికి అలంకారం కాదు. జవాబును నిర్ణయించేది అదే.

ఇంటికి వచ్చే ఏకాంతర విద్యుత్తుకు నీరూ చాలదు, జనమూ చాలదు. అది సెకనుకు 50 ఆవృత్తాలు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఎలక్ట్రాన్లు ఎక్కడికీ పోవు. ఎక్కడికీ పోనిది పని ఎలా చేస్తుంది? ఇద్దరు పట్టి లాగే పెద్ద కోత రంపాన్ని గుర్తుతెచ్చుకోండి. రంపం ఇటూ అటూ కదులుతుందే గాని దుంగను దాటి వెళ్లిపోదు. అయినా దుంగ తెగుతుంది. మనుషుల చేతుల నుంచి శక్తి దుంగకు చేరింది. రంపం పళ్లు అక్కడే ఉన్నాయి. కరెంటు ఖర్చు కాదు, శక్తి ఖర్చవుతుంది అన్న మాట ఈ నమూనాలో కళ్లకు కడుతుంది.

6. రెండు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ డుయెమ్‌ది. ఆలివర్ లాడ్జ్ 1889లో విద్యుత్తు మీద రాసిన పుస్తకం తాళ్లు, కప్పీలు, గొట్టాలతో నిండి ఉందని, అది భౌతిక సిద్ధాంతంలా కాక కర్మాగారంలా ఉందని ఆయన తరవాత ఆక్షేపించాడు. సిద్ధాంతం పని వాక్యాలను తార్కికంగా అమర్చడమే గాని బొమ్మలు గీయడం కాదని ఆయన వాదన. ఈ ఆక్షేపణలో బలం ఉంది: కప్పీల అమరికను గుర్తుపెట్టుకోవడమే పెద్ద పనైతే ఆ నమూనా సరళం కాదు. కాని సమీకరణం ముందు నిలబడిన కొత్త విద్యార్థికి అందులోని ఏ అక్షరం దేనిని సూచిస్తుందో మొదట బొమ్మే చెప్పాలి. డుయెమ్ అభ్యంతరం చెడ్డ నమూనాలకు వర్తిస్తుంది, నమూనాలన్నిటికీ కాదు.

రెండో అభ్యంతరం: నీరూ రంపమూ ఎందుకు, ఉన్నదున్నట్లు ఎలక్ట్రాన్ల గురించే చెప్పవచ్చు కదా? కాని 'తీగలో గోలీల్లా పరుగెత్తే ఎలక్ట్రాన్లు' అన్నది కూడా నమూనాయే. 1900లో పాల్ డ్రూడ్ లోహంలోని ఎలక్ట్రాన్లను వాయువు అణువుల్లా ఊహించాడు. దానితో ఓమ్ నియమం వచ్చింది, కాని లోహాల విశిష్టోష్ణం లెక్క తప్పింది. దానిని 1920ల చివర సోమర్‌ఫెల్డ్ క్వాంటం సిద్ధాంతంతో సరిచేశాడు. డ్రూడ్ నమూనా ఈనాటికీ పాఠ్యాంశాల్లో ఉంది, ఉండాలి కూడా. నమూనాను దాటి నేరుగా నిజాన్ని చూపించే పాఠం లేదు. ఒక నమూనా నుంచి మెరుగైన నమూనాకు నడిపించే పాఠాలే ఉన్నాయి.

7. తిరగేసిన నమూనా: కొల్లేరు

ఇంతదాకా నీటితో విద్యుత్తును చూశాం. విద్యుత్తుతో నీటిని కూడా చూడవచ్చు. బుడమేరు, తమ్మిలేరు వంటివి కొల్లేరులోకి వరద తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. సరస్సు నీరు దాచే కెపాసిటర్. ఉప్పుటేరు నెమ్మదిగా ఖాళీచేసే నిరోధం. నీటిమట్టం వోల్టేజి, నీటి పరిమాణం ఆవేశం, సరస్సు విస్తీర్ణం కెపాసిటీ.

కెపాసిటీ తగ్గితే అదే ఆవేశానికి వోల్టేజి ఎక్కువ పెరుగుతుంది. సరస్సులో గట్లు వేసి చెరువులు చేస్తే వరద నిలిచే విస్తీర్ణం తగ్గుతుంది. అదే వరదకు మట్టం ఎక్కువ పెరిగి చుట్టుపక్కల ఊళ్లు మునుగుతాయి. నిరోధం పెరిగితే కెపాసిటర్ ఖాళీ కావడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఉప్పుటేరు పూడిపోతే ముంపు ఎక్కువ రోజులు ఉంటుంది. 1999లో +5 అడుగుల కాంటూరు దాకా కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో చెరువుల గట్లను తొలగించడం గురించి జరిగిన వాదోపవాదాల్లో జీవనోపాధి, పక్షులు, వరద అన్నీ ఉన్నాయి. వాటిలో వరద ప్రశ్నను ఈ చిన్న నమూనా విడిగా చూపిస్తుంది. మిగతా ప్రశ్నలకు ఇది జవాబు చెప్పదు.

భేదధర్మం కూడా చెప్పుకుందాం. కెపాసిటర్ విలువ స్థిరం. కొల్లేరు పళ్లెంలాంటిది కాబట్టి మట్టం పెరిగినకొద్దీ విస్తీర్ణమూ పెరుగుతుంది. ఉప్పుటేరు చివర సముద్రపు ఆటుపోట్లు ఉంటాయి. వీటిని లెక్కలోకి తీసుకోవాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. ఈ పద్ధతి ఆషామాషీ కాదు. 1950, 60లలో అమెరికా భూవిజ్ఞాన సర్వే వారు భూగర్భజలాల కదలికను తెలుసుకోవడానికి రెసిస్టర్లు, కెపాసిటర్లతో వలలాంటి వలయాలు కట్టి, వాటిలో వోల్టేజి కొలిచి నీటిమట్టాలను అంచనా వేశారు.

8. తుది అంచనా

నీటి నమూనాను పాఠం నుంచి తీసేయవలసిన పని లేదు. విమర్శ నీటి మీద కాదు, దానిని అరకొరగా చెప్పడం మీద. మంచి పాఠం నాలుగు పనులు చేయాలి: విద్యార్థికి తెలిసిన వస్తువును ఎంచుకోవాలి, సమానధర్మాన్ని జతలు జతలుగా చెప్పాలి, నమూనాతో ఒక కొత్త ప్రశ్నకు జవాబు రాబట్టాలి, భేదధర్మాన్ని అక్కడే చెప్పాలి. మన పాఠాలు సాధారణంగా మొదటి రెండింటితో ఆగిపోతాయి. మూడోది లేకపోతే నమూనా బొమ్మగా మిగులుతుంది. నాలుగోది లేకపోతే అపోహగా మారుతుంది.

9. సారాంశం

సరళ నమూనా కొన్ని సంబంధాలను మాత్రమే ఉంచుకుని మిగతావాటిని వదిలేస్తుంది. దాని బలం అదే, బలహీనత కూడా అదే. వోల్టేజి, కరెంటు, నిరోధాలను విడదీసి చూపడంలో నీటి నమూనా సమర్థమైనది. వలయం, తిరుగు దారి, మోటారు భారం, ఏకాంతర విద్యుత్తు దగ్గర అది చాలదు. అక్కడ జనం, రంపం వంటి వేరే నమూనాలు కావాలి. ఈసారి ఇంట్లో ఎవరైనా 'కరెంటు తక్కువగా వస్తోంది' అన్నప్పుడు, తగ్గినది ఏమిటో మీలో మీరే ప్రశ్నించుకోండి.

10. మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

(1) వాడుకోదు. శ్రేణి వలయంలో కరెంటు అంతటా సమానం. బల్బులో ఖర్చయ్యేది శక్తి.
(2) తీగ అంతా ముందే ఎలక్ట్రాన్లతో నిండి ఉంటుంది. స్విచ్ వేయగానే అన్నిచోట్లా దాదాపు ఒకేసారి కదలిక మొదలవుతుంది.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. పోలికకూ నమూనాకూ తేడాను ఉపమాలంకారం అంగాల ఆధారంగా వివరించండి.
2. విద్యుత్తుకు నీటి నమూనా పరిమితులను ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. తక్కువ వోల్టేజికి బోరు మోటారు ఎందుకు కాలిపోతుంది?
2. కొల్లేరును కెపాసిటర్‌తో పోల్చినప్పుడు సమానధర్మాలు, భేదధర్మాలు ఏవి?
3. మీ ఊళ్లో కనిపించే ఒక వస్తువును తీసుకుని విద్యుత్తుకు కొత్త నమూనా తయారుచేయండి. అది ఎక్కడ ఆగిపోతుందో కూడా రాయండి.